బల్బు సాక్ష్యం

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేలను నడిగడ్డ అంటారు. అందులో తుంగభద్ర వైపు ఒక నేతపల్లె. ఆ పల్లెలో అత్తాకోడళ్లు నడిపే ఒక ఇల్లు: రెండు గుంట మగ్గాలు, మట్టి మిద్దె, మిద్దె మీద పొయ్యిలోకి దాచుకున్న పత్తికట్టె మోపులు. కొడుకు గద్వాల బజారులో ఒక చీరల కొట్లో లెక్కలు రాసి, పొద్దుగూకినాక ఇల్లు చేరేవాడు. కథకు ఇంతకంటే ఆనవాళ్లు అక్కర్లేదు. ఇలాంటి ఇల్లు రాజోలిలో ఉండొచ్చు, అయిజలోనూ ఉండొచ్చు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేకా పట్టు పేకా కలిసే గీత మీద ప్రతిసారీ ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. ఆ మెలిక వదులైతే మగ్గం మీద తెలియదు. కొట్లో మడత విప్పి చూపినప్పుడూ తెలియదు, చీర నిగనిగలాడుతూనే ఉంటుంది. నాలుగు ఉతుకులయ్యాక అంచు ఊడి చేతికొస్తుంది. అందుకని అత్త జానెడు నేసి ఆగేది, అంచు పక్కన రెండు బొటనవేళ్లూ పెట్టి లాగి చూసేది, మళ్లీ నేసేది. కోడలు కాపురానికొచ్చాక మగ్గం దగ్గర ఆమెకు మొదట అప్పజెప్పిన పని అదే.

కోడలిది వనపర్తి. రాజావారి కోటలో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. పెళ్లయ్యాక ఆ చదువు సర్టిఫికెట్‌తో పాటు ట్రంకుపెట్టెలోకి పోయింది. ఇంట్లో మల్టీమీటరు పట్టుకునే అవసరం ఎవరికుంటుంది?

గాలివానొచ్చి లైను పడితే ఆ పల్లెకు ఒక్కోసారి రెండు రాత్రులు కరెంటుండేది కాదు. పెళ్లిళ్ల కాలంలో రెండు రాత్రులంటే చీర చెయ్యి జారినట్టే. అందుకని అత్త చీటీ ఎత్తింది. కొడుకు ఆటోలో సామాను వేసుకొచ్చాడు: 330 వాట్ల సోలార్ ప్లేటు ఒకటి, నీళ్లు పోసే 12 వోల్టుల బ్యాటరీలు రెండు, చార్జి కంట్రోలర్, చిన్న ఇన్వర్టరు. లైనుతో సంబంధం లేని, ఇంటి మటుకు ఇంటికి సరిపోయే ఏర్పాటు. రెండు ట్యూబులైట్లు, ఒక ఫ్యాను తిరిగితే చాలు.

బిగించడానికి ఊరి కరెంటాయన వచ్చాడు. ఆయన్ని తక్కువ చేసి చెప్పకూడదు. ఆ ఊళ్లో సగం ఇళ్లకు వైరింగు ఆయన చేతిదే, ముసలివాళ్ల దగ్గర డబ్బు తీసుకోడు. స్తంభం మీద పిడుగు పడ్డ రాత్రి కూడా పిలిస్తే వచ్చే మనిషి. ముప్పై ఏళ్లుగా ఆయన చెయ్యి ఏసీ కరెంటుకు అలవాటుపడింది. ఆ పని ఆయనకు నిద్రలోనూ వస్తుంది.

మిట్టమధ్యాహ్నం ప్లేటును మిద్దె మీద దక్షిణానికి వాల్చి నిలబెట్టారు. ఆయన జేబులోంచి టెస్టర్ తీసి ప్లేటు వైరు కొసకు ఆనించాడు. టెస్టర్ వెలగలేదు.

“ఇంకా కరెంటు రాలే. కలిపినంక వస్తది” అన్నాడు.

నిజానికి ఆ కొసల మధ్య అప్పటికే నలభై వోల్టుల పైన ఉంది. గోడ ప్లగ్గులో వెలిగే టెస్టర్‌లోని ఆ చిన్న నియాన్ బల్బుకు అది చాలదు, అంతే. లేదనుకుని ఆయన ఉత్త చేతులతో పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ నుంచి ప్లేటుకు వచ్చిన ప్లగ్గులకు జోడీ ప్లగ్గులు సామానులో లేవు. ఆయన ఆ ప్లగ్గుల్ని కట్టరుతో కత్తిరించి, లోపలి తీగల్ని ఇంటి వైరుతో మెలిపెట్టాడు. రెండు మెలికల్నీ పక్కపక్కనే చేర్చి టేపుతో ఒకే కట్టగా చుట్టాడు. వైరును కిందికి దింపి ముందు ప్లేటును కంట్రోలర్‌కు కలిపాడు. తర్వాత బ్యాటరీలు. కలుపుతుంటే చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. “అది మామూలే” అన్నాడు. బ్యాటరీకీ ఇన్వర్టరుకూ మధ్య ఫ్యూజు లేదు. కొట్టువాడు ఇవ్వలేదు, వీళ్లు అడగలేదు.

సందె దీపం వేళకు ట్యూబులైటు వెలిగింది. మగ్గం గుంటలోకి పట్టపగలులా వెలుతురు దిగింది. వీధి వీధంతా వచ్చి చూసింది. అత్త బ్యాటరీలకు బొట్టు పెట్టి, వాటి నడుమ సందులో ఊదుబత్తి గుచ్చింది. కరెంటాయనకు భక్ష్యాలు వడ్డించారు.

కోడలు నెయ్యి వడ్డిస్తూ మిద్దె మెట్ల వైపు చూసింది. ఆమెకు అన్నీ కనబడ్డాయి. ప్లగ్గులు కోయడం, ముందు ప్లేటు కలపడం, ఫ్యూజు లేకపోవడం. నిప్పురవ్వ తగిలితే అంటుకునే వాయువు విడిచే బ్యాటరీ పక్కన ఊదుబత్తి నిప్పు. కానీ ఇంటికొచ్చిన పెద్దమనిషి, కంచం ముందు కూర్చున్నాడు. పైన లైటు తెల్లగా వెలుగుతోంది. వెలుగుతున్న లైటు కింద నిలబడి “తప్పు” అని ఎలా అంటుంది? ఎవరు వింటారు? ఊదుబత్తిని మాత్రం ఎవరూ చూడకుండా తీసి బయట పడేసింది.

నెలలు గడిచాయి. మొదట్లో తెల్లవార్లూ నడిచిన ఇన్వర్టరు రానురాను పదింటికే కూతపెట్టి ఆగిపోసాగింది. బ్యాటరీ మంచిది కాదన్నారు. డిస్టిల్డ్ వాటర్ పోశారు. మబ్బులన్నారు. చైత్రం ఎండలో మబ్బులేమిటని ఎవరూ అడగలేదు. మిద్దె మీద టేపుకట్ట ఎండకు పెళుసెక్కి పగుళ్లిచ్చింది. మెలిక గాలికి కదిలి కదిలి వదులైంది. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. లోపలికి రావలసిన కరెంటులో కొంత అక్కడే మిద్దె మీద వేడైపోతోంది.

ఒకనాడు పన్నెండు దాటాక పైన చిటచిటమని చప్పుడైంది. రెండు మెలికల మధ్య తొడుగు కరిగి, తీగకూ తీగకూ నడుమ నీలితెల్లని మంట నిలబడింది. కరిగిన ప్లాస్టిక్ బొట్లు బొట్లుగా పత్తికట్టె మీద పడుతోంది. కోడలు పరుగున పోయి ఇన్వర్టరు ఆపింది. మంట ఆగలేదు. కేక విని వచ్చిన కరెంటాయన బ్యాటరీ వైరు పీకేశాడు. మంట ఆగలేదు. ఆపడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆయన చేతులు రెండూ గాల్లోనే ఉండిపోయాయి. ముప్పై ఏళ్లలో ఆయన స్విచ్చి ఆపినా ఆగని కరెంటును చూడలేదు.

అత్తకు కరెంటు తెలియదు. ఆమె అడిగింది ఒక్కటే: “అది యాడికెల్లి వస్తున్నదే?”

“ఎండ నుంచి అత్తా! ఎండ ఉన్నంతసేపు ప్లేటు ఇస్తానే ఉంటది!”

అత్త దండెం మీది గొంగడి లాగి భుజానేసుకుని మిద్దెక్కింది. మంట జోలికి పోకుండా అటునుంచి చుట్టి వచ్చి, ప్లేటును కొసాకొసా కనబడకుండా కప్పేసింది. ఎండ తెగింది. మంట చచ్చింది. అప్పుడు కోడలు పొగలేస్తున్న కట్టెల్ని దూరం లాగి బిందెతో నీళ్లు కుమ్మరించింది. కింద మగ్గం మీద కొంగు పట్టు పడుగు సగం నేసి ఉంది. దానికి ఏమీ కాలేదు. కంట్రోలర్ మాత్రం చచ్చింది. బ్యాటరీ పీకినప్పుడు చచ్చిందో, ప్లేటు ముందు కలిపిన తొలినాడే దెబ్బ తిన్నదో చెప్పలేం.

సాయంత్రం ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. కరెంటాయన చాలాసేపటికి నోరు విప్పాడు.

“నువ్వు చదువుకున్నదానివి. ఆ పొద్దే ఎందుకు చెప్పకపోతివమ్మా?”

“మీరు పెద్దోళ్లు గదన్నా.”

ఆయన కాసేపు ఆలోచించాడు. “చెప్పినా ఇనకపోదునేమోలే” అన్నాడు. “లైటు వెలిగె గదా.”

అత్త అందుకుంది. “నేను జానెడు నేసి లాగి చూస్త. మీరు ఇంత పని జేసి ఒక్క ముడి లాగి చూడలేదా?”

రెండో బిగింపు పక్క వారం జరిగింది. ఈసారి అత్త మగ్గం దిగి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. తాను చెప్పేదాకా లైటు వేయకూడదని షరతు పెట్టింది. కరెంటాయన కూడా వచ్చాడు. రానక్కర్లేదు, అయినా వచ్చాడు. నాకు ఈ కథలో ఎక్కువ నచ్చే మనిషి ఆయనే.

ముందు ప్లేటు మీద గొంగడి కప్పారు. కొడుకు ఎండకు తట్టుకునే 4 ఎంఎం సోలార్ కేబులూ జోడీ ప్లగ్గులూ తెచ్చాడు గానీ, రెండు తీగలూ నల్లవే తెచ్చాడు. ఏది ప్లస్సో ఏది మైనస్సో రంగు చెప్పదు. కోడలు మీటరును డీసీ వోల్టుల దగ్గర పెట్టి, గొంగడి కొద్దిగా తొలగించి చూసింది. అంకె ముందు మైనస్ గీత కనబడింది. మీటరు ముళ్లు తారుమారు చేసింది, గీత పోయింది. ప్లస్ కొసకు ఎర్ర టేపు చుట్టింది. తర్వాత గొంగడి పూర్తిగా తీసి చూస్తే 42 వోల్టులు. ప్లేటు వెనక కాగితం మీద 46 అని ఉంది.

“నాలుగు తక్కువుంది. ప్లేటు పాడైందా?” అన్నాడు కరెంటాయన.

“కాలేదన్నా. ఆ 46 అనేది ప్లేటు 25 డిగ్రీల దగ్గరున్నప్పటి లెక్క. మన మిద్దె మీద అది సలసల కాగుతున్నది. వేడెక్కేకొద్దీ వోల్టులు పడతాయి. ఇది సరైన ప్లేటే.”

మళ్లీ గొంగడి కప్పి, బ్యాటరీల దగ్గరకు దిగారు. కరెంటాయన మీటరు తీసుకుని ముళ్లు బ్యాటరీకి పెట్టబోయాడు. మిద్దె మీద వోల్టులు చూశాక ప్లేటు ఆంపియర్లు చూడడానికి ఎర్రముల్లును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టారు, అది అక్కడే ఉండిపోయింది.

“ఆగండన్నా!”

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఆయన చెయ్యి ఆగింది. ఆ రంధ్రంలో ముల్లు ఉన్నప్పుడు మీటరు ఉత్త తీగముక్కతో సమానం. దాన్ని బ్యాటరీ రెండు తలలకూ ఆనిస్తే నిండు బ్యాటరీ వందల ఆంపియర్లు దాని గుండా కుమ్మరిస్తుంది. పన్నెండు వోల్టులు ఒంటికి షాకు కొట్టవు నిజమే, కానీ పానాను కూడా ఎర్రగా కాల్చగలవు. ఆయన ముల్లును వోల్టుల రంధ్రంలోకి మార్చాడు. తర్వాత అడక్కుండానే చేతి కడియం, వేలి ఉంగరం తీసి అరుగు మీద పెట్టాడు. పానా పిడికి పాత సైకిల్ ట్యూబు తొడిగాడు.

ఒక బ్యాటరీ 12.6, ఇంకొకటి 12.5. రెండూ దగ్గరగా ఉన్నాయి, వరసగా కలపొచ్చు. కలిపాక 25.1 రావాలి, వచ్చింది. బ్యాటరీ ప్లస్ తల నుంచి జానెడు దూరం దాటకుండా డీసీ ఫ్యూజు పెట్టారు. బ్యాటరీల్ని ఈసారి కిటికీ కింద ఎత్తైన బండ మీదికి చేర్చారు. కిటికీ గాలికోసం. ఎత్తు మాత్రం అత్త పట్టుదల: 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు మగ్గం గుంట నిండి ఇంట్లో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి, ఆమె దాన్ని మరవలేదు.

మొదట బ్యాటరీని కొత్త కంట్రోలర్‌కు కలిపారు. దాని తెర వెలిగి 24 వోల్టుల ఏర్పాటని గుర్తుపట్టింది. అది గుర్తుపట్టేదాకా ప్లేటును దగ్గరకు రానివ్వకూడదు. ఆ తర్వాత ప్లేటు ప్లగ్గులు టక్కుమని చప్పుడొచ్చేలా నొక్కారు. చివరికి గొంగడి తీశారు. ఏ రోజైనా విప్పదలిస్తే ఇదే దారిలో వెనక్కి నడవాలని, ముందు ప్లేటు, ఆఖరున బ్యాటరీ అని కోడలు గోడ మీద సుద్దతో రాసింది. ఒక్కో ముడి బిగించినప్పుడల్లా పీట మీంచి ఒకటే ప్రశ్న వచ్చేది: “లాగినవా?” కంట్రోలర్ మరల్లో ఒక తీగ లాగితే ఊడి వచ్చింది. మర పైకి బిగుసుకుని, తీగ పక్కన ఉండిపోయింది. లాగకపోతే అది కూడా వెలిగేదే.

ఆ సాయంత్రం వీధివాళ్లు మళ్లీ వచ్చారు. లైటు వెయ్యమన్నారు. అత్త వెయ్యనివ్వలేదు. పగలంతా చార్జి ఎక్కింది, రాత్రి ఊరికే ఉండనిచ్చి తెల్లవారుజామున ఎండ రాకముందు కోడలు మళ్లీ మీటరు పెట్టింది. రెండూ 12.7 దగ్గర నిలిచాయి. అప్పుడు లైట్లూ ఫ్యానూ వేసి, గంట నడిచాక ప్రతి వైరు తొడుగునూ చేతివెనకతో తాకి చూశారు. ఎక్కడా వెచ్చదనం లేదు.

అత్త ఈసారి బొట్టు బ్యాటరీకి పెట్టలేదు. మీటరుకు పెట్టింది.

నీతి

తెలిసినవాడితోనే చేయించుకోవాలి అనేది ఈ కథకు నీతి అనుకుంటే సగమే పట్టుకున్నట్టు. కరెంటాయన తెలియనివాడు కాడు. ఆయన్ని మోసం చేసింది వెలిగిన బల్బు. బల్బు వెలిగిందంటే దారి పూర్తయిందని అర్థం, అంతవరకే దాని సాక్ష్యం. ఆ దారిలో ముడి గట్టిదా, తీగ చాలుతుందా, ఆపాలంటే ఆగుతుందా అన్నవి బల్బుకు తెలియవు. టెస్టర్‌దీ అదే కథ. అది వెలగలేదంటే కరెంటు లేదని కాదు, తాను చూడగలిగినంత లేదని. అందుకని వెలుతురు ఆఖరున రావాలి. మనం మాత్రం దాన్నే మొదట అడుగుతాం, వచ్చాక మిగతావన్నీ మానేస్తాం.

నాకు కోడలి మౌనం కూడా కరెంటాయన తొందరంత బరువుగానే తోస్తుంది. మన ఊళ్లలో పనివాడి చేతిని మధ్యలో ఆపడం అమర్యాద. అన్నం పెట్టి పంపాలి గానీ ప్రశ్న పెట్టకూడదు. ఈ అలవాటు ఏసీ వైరింగులో చాలాకాలం మనల్ని కాపాడింది, ఎందుకంటే ఏసీ కొంత క్షమిస్తుంది. మన ఇళ్ల కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు పడి లేస్తుంది. స్విచ్చి తెరుచుకున్నప్పుడు పుట్టిన మంటకు ఆ సున్నా దగ్గర ఊపిరి ఆగుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. పుట్టిన మంట నిలబడుతుంది. అందుకే ఏసీకి చేసిన స్విచ్చీ ఎంసీబీ తెచ్చి సోలార్ ప్లేటు దారిలో పెట్టడం తప్పు. డీసీ అని అచ్చు వేసి ఉన్నదే పెట్టాలి. పైగా ఏసీలో తీగలు తారుమారైనా బల్బు వెలుగుతుంది. ఇక్కడ తారుమారైతే కంట్రోలరో ఇన్వర్టరో పోతుంది.

ఇది పల్లెటూరి మేస్త్రుల సంగతి మాత్రమే అనుకోవద్దు. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ డీసీ బ్యాటరీలు మార్చే పని నడుస్తోంది. మృతుల్లో ఇద్దరు ఆ పనికి వచ్చిన బ్యాటరీ కంపెనీ మనుషులు. 900 మెగావాట్ల కేంద్రంలో కూడా ప్రమాదవేళ యంత్రాల్ని ఆపి కాపాడే వ్యవస్థకు ఊపిరి ఆ బ్యాటరీల నుంచే అందుతుంది. చదువుకూ అనుభవానికీ కొదవలేని చోటే అంత జరిగింది.

ఇదే జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో 2025లో చాలా ఇళ్లకు మిద్దె మీద ప్లేట్లు వచ్చాయి. అవి లైనుకు కట్టినవి. లైను పోగానే వాటి ఇన్వర్టర్లు తమంతట తామే ఆగిపోవాలి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం. మన నేతింటి ఇన్వర్టరుకు ఆ బుద్ధి లేదు. కొందరు రెండు వైపులా ప్లగ్గున్న వైరు చేసి, చిన్న ఇన్వర్టరు కరెంటును ఇంటి గోడ ప్లగ్గులోకే ఎక్కిస్తారు. అప్పుడు ఇల్లంతా వెలుగుతుంది. ఆ కరెంటు మీటరు దాటి లైనులోకి పోయి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వేల వోల్టులై, లైను చచ్చిందనుకుని పట్టుకున్న మనిషిని చంపగలదు. లైనూ ఇన్వర్టరూ ఒకేసారి కలవనివ్వని చేంజోవర్ స్విచ్చి మధ్యలో లేకుండా ఇన్వర్టరును ఇంటి వైరింగుకు కలపకూడదు.

అడవిపందుల బెడదున్న అమ్రాబాద్, కొల్లాపూర్ వైపు చేలల్లో ఇంకో ఆలోచన పుడుతుంది: చేతిలో ఇన్వర్టరు ఉంది గదా, కంచెకు కలిపితే సరి. సోలార్ కంచె పనిచేసేది అలా కాదు. దానికి వేరే యంత్రం ఉంటుంది, సెకనుకో దెబ్బ చొప్పున, కన్నుమూసేలోపు ముగిసే తాకిడి కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదిరి పోతుంది, మనిషి బతుకుతాడు. ఇన్వర్టరు వదలదు. రాత్రి నీళ్లు కట్టబోయే పక్కచేను రైతుకూ పందికీ అది తేడా చూడదు.

ఇక ఈ కథ పనికిరాని చోటు కూడా చెప్పాలి. 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో తెలంగాణ ముఖ్యమంత్రి ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ పథకాన్ని మొదలుపెట్టారు. అటవీ హక్కుల పట్టాలున్న 2.1 లక్షల గిరిజన రైతుల ఆరు లక్షల ఎకరాలకు సోలార్ పంపులు, 12,600 కోట్ల రూపాయల లెక్క. చెంచు రైతు చేలో నిలబెట్టే ఆ ఏర్పాటు మన మిద్దె మీది ఒంటి ప్లేటు లాంటిది కాదు. 46 వోల్టుల ప్లేట్లు పన్నెండు వరసగా కలిస్తే 550 దాటుతుంది. అక్కడ తెగిన తీగ దగ్గరకు గొంగడి పట్టుకుని పోకూడదు. మీటరు ముల్లు పట్టుకుని కూడా పోకూడదు. రైతు చేయగలిగిందల్లా బిగించినవాళ్లు చేలో ఉండగానే చేయాలి: ప్లేట్ల వైపు డీసీ ఐసోలేటర్ ఏదో చూపించమనాలి, తన చేత్తో ఒకసారి ఆపి చూడాలి, ఎర్తింగు గుంత ఎక్కడ తవ్వారో అడగాలి, పెట్టె మూసేముందు మీటరు అంకెల్ని తన ముందు కాగితం మీద రాయించుకోవాలి, చెడితే ఎవరికి ఫోను చేయాలో ఆ కాగితం మీదే రాయించుకోవాలి. పంపు నీళ్లు పోస్తోందని మురిసి, వాళ్లు చాపిన రిజిస్టరులో ఆ కాగితం చేతికి రాకముందే వేలిముద్ర వేయకూడదు.